బెంగళూరు నుంచి సైకిలు మీద: నంది, సంగమ, కైవారం, మాగడి, తళి దారుల్లో మీకు ఏది?

బెంగళూరులో కొత్తగా రోడ్డు సైకిలు కొన్నవారిని ఎవరిని కదిపినా మొదటి మాట నంది కొండే. హెబ్బాళలోనో యలహంకలోనో ఉండేవారికి అది సరైన కోరికే. కానీ ఎలక్ట్రానిక్ సిటీలో కాపురం ఉంటున్నవారు కూడా అదే అంటారు. నందికి వెళ్ళాలంటే వారు ముందు ఈ మహానగరాన్ని ఒక కొస నుంచి మరో కొసకు దాటాలి, తిరిగి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం మళ్ళీ దాటాలి. ఇంటికి గంట దూరంలోనే తళి రోడ్డు ఉందని వారికి ఎవరూ చెప్పి ఉండరు. ఈ నగరానికి నాలుగు వైపులా నాలుగు రకాల నేల ఉంది. ఉత్తరాన కోటలున్న కొండలు, తూర్పున చెరువులూ టమాటా తోటలూ పట్టుగూళ్ళ ఊళ్ళూ, పడమట బోడి ఏకశిలలు, దక్షిణాన కావేరి వైపు దిగిపోయే అడవి. వీటిలో ఎవరికి ఏది తగునో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

దారిని ఎంచుకునేటప్పుడు చాలామంది రెండు అంకెలే చూస్తారు: ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు. నేను వాటికన్నా ముందు తిరుగు సగం ఎలా ఉంటుందో చూస్తాను. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే ఏ దారైనా బాగానే ఉంటుంది. కాళ్ళలో బలం ఉంటుంది, ఎండ ఉండదు, లారీలు తక్కువ. అదే దారి పదకొండింటికి ఎలా ఉంటుందన్నది అసలు విషయం. సీసాలో నీళ్ళు అడుగంటి, తారు కాగి, ఊరి పొలిమేరలో వాహనాల రద్దీ మొదలైన వేళ, మిగిలిన ముప్పై కిలోమీటర్లు ఎక్కుడా దిగుడా, గాలి ఎదురా వెనకా అన్నదాని మీదే ఆ రోజు సంతోషమంతా ఆధారపడి ఉంటుంది.

ముందు ఎత్తు సంగతి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తరానికి గానీ తూర్పుకు గానీ వెళితే నేల చాలా దూరం దాదాపు ఇదే మట్టంలో సాగుతుంది, కొండలు దాని మీద విడివిడిగా లేస్తాయి. కనుక ఎక్కుడు ప్రయాణం మధ్యలో వస్తుంది, ఆ తరువాత దిగి ఇంటి దారి పట్టవచ్చు. దక్షిణాన కావేరి వైపు వెళితే నేలే కిందికి దిగిపోతుంది. పొద్దున దిగినదంతా మధ్యాహ్నం ఎక్కాలి.

ఇక గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద గాలి పడమటి నుంచి వీస్తుంది, అదీ బలంగా. ఆ నెలల్లో తూర్పుకు, అంటే హొసకోటె, చింతామణి వైపు వెళితే పొద్దున మీ అంతటి వీరుడు లేడనిపిస్తుంది. వెనక నుంచి తోస్తున్నది గాలి అని తిరుగు దారిలో గానీ తెలియదు. నవంబరు నుంచి జనవరి దాకా గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది, కాస్త నెమ్మదిగానే. కాబట్టి ఆషాఢ శ్రావణాల్లో పడమటికి, కార్తీక మార్గశిరాల్లో తూర్పుకు వెళ్ళడం నా పద్ధతి. పొద్దున బలం ఉన్నప్పుడు గాలికి ఎదురీది, అలసిపోయాక దాన్ని వెనక పెట్టుకుని రావడం మేలు.

నంది: ఎక్కడం కన్నా దిగడం గురించి ఆలోచించండి

నందిదుర్గం శిఖరం 1,478 మీటర్లు. హెబ్బాళ నుంచి దేవనహళ్ళి మీదుగా రానుపోను దాదాపు వంద కిలోమీటర్లు. అందులో అసలు ఘాట్ రోడ్డు ఎనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువే, కానీ అంతలోనే నాలుగు వందల మీటర్లకు పైగా పైకి లేవాలి. సగటు వాలు ఐదారు శాతం. ఈ సగటును నమ్ముకోవద్దు. కింది మలుపుల్లో ఊపిరి తీసుకునే చోట్లు దొరుకుతాయి, పైకి వెళ్ళేకొద్దీ వాలు బిగుస్తుంది. మొదటి రెండు కిలోమీటర్లలో ఉత్సాహమంతా ఖర్చు చేసినవారు చివరి కిలోమీటరులో సైకిలు నడిపించుకుంటూ కనిపిస్తారు.

ఇక్కడ గేర్ల లెక్క చూసుకోవాలి. ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 28 పళ్ళు ఉన్న సైకిలు మీద నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు వేగం వస్తుంది. నిటారు మలుపులో ఆ వేగం నిలబెట్టలేనివారికి తొక్కుడు నెమ్మదిస్తుంది, భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. వెనక 32 పళ్ళ చక్రం వేయించుకుంటే అదే తొక్కుడుకు వేగం ఎనిమిదికి తగ్గుతుంది. వినడానికి చిన్న తేడా, మోకాలికి మాత్రం చాలా పెద్దది. కొత్తవారు తేలికపాటి చక్రాల మీద డబ్బు పెట్టేముందు ఈ మార్పు చేయించుకోవాలని గట్టిగా చెబుతాను.

దిగడంలోనే ప్రమాదం ఉంది. ఆదివారం సూర్యోదయం చూడడానికి వచ్చే కార్లు ఎనిమిదింటికల్లా కిందికి మళ్ళుతాయి, అదే వేళకు కొన్ని ఇంకా పైకి వస్తుంటాయి. మలుపులో తమ పక్కకు కట్టుబడని వాహనం ఎదురయ్యే చోటు ఇది. డిసెంబరు, జనవరి మంచుకు చెట్ల నీడలోని తారు ఎండ ఎక్కేదాకా తడిగానే ఉంటుంది. బ్రేకు మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకు ముందే వేసి, లోపల వదలాలి. కోతుల ముందు అరటిపండు సంచి తెరవవద్దు. వీలైతే పనిదినాన వెళ్ళండి, కొండ మీది గేటు తెరిచే వేళ ముందురోజే కనుక్కోండి.

వెళ్ళిన దారినే రావడం కన్నా ఘాటి సుబ్రహ్మణ్య, దొడ్డబళ్ళాపురం, రాజానుకుంటె మీదుగా యలహంకకు చేరడం నాకు ఎక్కువ ఇష్టం. విమానాశ్రయ రోడ్డు హోరు తప్పుతుంది. తూబగెరె చుట్టుపక్కల పనస చెట్లు, ఆ తరువాత మరమగ్గాల చప్పుడు వినిపించే దొడ్డబళ్ళాపురం వీధులు. చలికాలంలో ఘాటిలో పశువుల జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ రోడ్డు ఎద్దులది. సైకిలు దిగి చూడాల్సిన జాతరే అది, తొక్కుతూ దాటాలనుకునేవారు వేరే వారం పెట్టుకోవాలి. కొండ చుట్టూ మరి కొంచెం తిరిగే ఓపిక ఉంటే ముద్దేనహళ్ళి కూడా దగ్గరే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం మన ఆంధ్ర గ్రామమని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నెల్లూరు దాకా వెళ్ళే పెన్న కూడా ఈ కొండల వరసలోనే పుడుతుంది.

నంది ఎవరికి? ఉత్తర బెంగళూరులో ఉండేవారికి, ఒకే ఒక్క పెద్ద ఎక్కుడు మీద తమను తాము కొలుచుకోవాలనుకునేవారికి. తిరుగు దారి దిగుడుతో మొదలవుతుంది కనుక కొత్తవారికి కూడా ఇది క్షమించే దారే. నగరానికి దక్షిణాన ఉంటే సైకిలును కారులో వేసుకుని దేవనహళ్ళి దాకా వెళ్ళి అక్కడ మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

సంగమ: అందమైనదే, ఎండ తెలిసినవారికి

కనకపుర రోడ్డు పట్టుకుని హారోహళ్ళి, కనకపుర దాటి అడవిలోంచి దిగితే సంగమ వస్తుంది. అర్కావతి కావేరిలో కలిసే చోటు. నగరం నడిబొడ్డు నుంచి వెళ్ళడానికే తొంభై కిలోమీటర్ల దరిదాపు. కనకపుర దాటాక బండలు, కొబ్బరి తోటలు, తరువాత పలచని అడవి. చివర్లో నదివైపు రోడ్డు గబగబా జారుతుంది. పొద్దున్నే ఆ దిగుడులో ముఖానికి తగిలే చల్లగాలి కోసమే చాలామంది ఈ దారిని నందికన్నా సులువనుకుంటారు.

కానీ లెక్క చూడండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంటే సంగమ దాదాపు ఐదు వందల మీటర్లు కింద ఉంది. మధ్యలోని మిట్టపల్లాలు పక్కన పెట్టినా తిరిగి రావడమంటే ఒక నంది కొండ ఎక్కడం కన్నా ఎక్కువే. అది కూడా అప్పటికే తొంభై కిలోమీటర్లు తొక్కిన కాళ్ళతో, నడినెత్తిన సూర్యుడితో. ఎత్తు తగ్గేకొద్దీ వేడి పెరుగుతుంది, ఐదు వందల మీటర్లకు సుమారు మూడు డిగ్రీల తేడా ఉంటుంది. నగరంలో ముప్పై అంటే అక్కడ ముప్పై మూడు. మార్చి నుంచి మే దాకా ఈ దారిని ఎవరికీ చెప్పను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, నూట యాభై కిలోమీటర్లు అలవాటైనవారు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళాలి. ఆ అడవిలో ఏనుగులు తిరుగుతాయి, చీకట్లో దిగవద్దు. నీళ్ళు కనకపురలోనే నింపుకోండి. అంత దూరం వద్దనుకుంటే కనకపుర దాకానే వెళ్ళి సంతవీధిలో ఫలహారం చేసి వెనక్కి రావడం నూటపది కిలోమీటర్ల లోపు మంచి ప్రయాణం.

కైవారం, చింతామణి: తెలుగులో దారి అడగవచ్చు

నన్ను అడిగితే బెంగళూరులోని తెలుగువాళ్ళు చలికాలంలో మొదట వెళ్ళాల్సిన దారి ఇది. ఎత్తుల పట్టికలో దీనికి పేరు లేదు, అందుకే పెద్దగా ఎవరూ చెప్పరు.

కె.ఆర్. పురం నుంచి హొసకోటె, నందగుడి, హెచ్ క్రాస్ మీదుగా కైవారం. రానుపోను వంద దాటి కొంచెం. మదనపల్లె బస్సులు పోయే రోడ్డే ఇది. హొసకోటె దాకా జాతీయ రహదారి, అక్కడిదాకా ఓర్చుకోవాలి. తెల్లవారకముందే దమ్ బిర్యానీ కోసం బారులు తీరే ఊరు అది, వాహనాలు రోడ్డు పక్కన ఎలా పడితే అలా ఆగి ఉంటాయి. ఊరు దాటి ఎడమకు మళ్ళగానే గాలిలో పచ్చిగడ్డి వాసన మొదలవుతుంది. తరువాతంతా మెల్లగా లేచి మెల్లగా పడే నేల. ఎక్కడా ఒళ్ళు విరిచే ఎక్కుడు లేదు. చెరువు కట్టలు, నీలగిరి తోపులు, మల్బరీ తోటలు, టమాటా పందిళ్ళు.

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో పల్లె పల్లెకూ తెలుగు వినిపిస్తుంది. టీ కొట్టు దగ్గర పెద్దాయన కన్నడంలో మొదలుపెట్టి, మీ ముఖం చూసి తెలుగులోకి దిగుతాడు. పంక్చరు వేసే చోటు, మంచినీళ్ళు, మెరుగైన రోడ్డు ఏదన్న సమాచారం సొంత భాషలో అడగగలగడం సైకిలు మీద వెళ్ళేవారికి ఎంత ధైర్యమో, ఒక్కసారి ఒంటరిగా దారి తప్పినవారికి బాగా తెలుస్తుంది.

కైవారం చేరాక తొందరపడి వెనక్కి తిరగవద్దు. గాజులమ్ముకుని బతికి, యోగి అయి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన కైవార తాతయ్య (యోగి నారేయణ) ఊరు ఇది. ఆయన కాలజ్ఞానం ఈ ప్రాంతంలో ఇప్పటికీ పాడతారు. భారత కథలోని ఏకచక్రపురం ఇదేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ స్థానికుల నమ్మకం. భీమలింగేశ్వర ఆలయం అందుకే వెలసిందంటారు. కాళ్ళలో ఇంకా బలం ఉంటే కైలాసగిరి గుహాలయాల వైపు వెళ్ళే చిన్న ఎక్కుడు ఉంది. ఆ రోజుకు కావలసిన కొండ అదే ఇస్తుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. డిసెంబరు, జనవరిల్లో రైతులు రాగి కంకులు, ఉలవ చెట్లు కోసి తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, వచ్చిపోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. కారుకు అది ఏమీ కాదు. సైకిలుకు మాత్రం వెనక గేరు కప్పీలు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతుంటాయి. ఉలవ తీగ గట్టిగా, పొడుగ్గా, దారంలా ఉంటుంది. నాలుగు చుట్లు తొక్కేసరికి అది కప్పీల మధ్య దూరి, గొలుసుతో పాటు తిరిగి, బిగుసుకుంటుంది. ఇంకొంచెం బలంగా తొక్కితే గేరు తగిలించిన కొక్కెం వంగుతుంది, అక్కడితో ఆ రోజు ప్రయాణం అయిపోయినట్టే. కుప్ప కనిపించగానే దిగి, సైకిలు ఎత్తి పక్కగా నడవండి. అది వారి ఏడాది తిండి కూడా, దాని మీదుగా తొక్కుతూ పోవడం మర్యాద కాదు. దాటాక వేళ్ళతో కప్పీలు ఒకసారి తడిమి చూసుకోండి. చిక్కుకున్నది ఉంటే గొలుసును వెనక్కి తిప్పుతూ లాగితే వస్తుంది, ముందుకు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

ఎక్కువ దూరం కావాలనేవారు కైవారం నుంచి చింతామణికి, అక్కడి నుంచి శిడ్లఘట్టకు, విజయపుర మీదుగా మళ్ళీ హొసకోటెకు రావచ్చు. నూట యాభై కిలోమీటర్ల చుట్టు. చింతామణి అసలైన బజారు ఊరు. టమాటా పెట్టెలు ఎత్తిన టెంపోలు సందుల్లోంచి దూసుకొస్తాయి, సంతరోజు అయితే మేకలు కూడా. సంత ఏ రోజో ముందే అడిగి, చూడాలనుకుంటే ఆ రోజే వెళ్ళండి, దాటిపోవాలనుకుంటే మానండి. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ మార్కెట్టు రాష్ట్రంలోనే పెద్దవాటిలో ఒకటి. పసుపు రంగువి ఒకవైపు, తెల్లనివి ఒకవైపు, గూళ్ళు పోసిన తొట్ల మధ్య కొనుగోలుదారులు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి చూస్తుంటారు. లోపల పురుగు గలగలమంటే ఒక నాణ్యం, లేకుంటే మరొకటి. అది చూడడానికి అరగంట ఆగితే ఏ దూరమూ వృథా కాదు.

తిరుగు దారి మాటకొస్తే, చలికాలంలో తూర్పుగాలి మిమ్మల్ని ఇంటివైపే తోస్తుంది. జూన్, జూలైలలో ఇదే దారి వేరే మనిషి. హెచ్ క్రాస్ నుంచి హొసకోటె దాకా దాపు లేని మైదానంలో ఎదురుగాలి, ఎన్ని పళ్ళ చక్రం వేసుకున్నా కొండ ఎక్కుతున్నట్టే.

మాగడి: వానాకాలపు దారి

అదే జూన్, జూలైలలో పడమటికి వెళ్ళండి. కెంగేరి దాటి రామోహళ్ళి మీదుగా దొడ్డ ఆలద మర, మంచనబెలె, సావనదుర్గ, మాగడి, అక్కడి నుంచి తావరెకెరె మీదుగా వెనక్కి. ఎనభై నుంచి తొంభై కిలోమీటర్లు. పొద్దున ఎదురుగాలి ఉంటుంది, కానీ ఆ గాలిని చెట్లు, గుట్టలు చాలాచోట్ల అడ్డుకుంటాయి. మాగడి నుంచి తిరిగితే వెనక గాలి, ఇల్లు తెలియకుండానే దగ్గరవుతుంది.

ఎత్తుల విషయంలో ఇది నందికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క పెద్ద కొండ ఉండదు, కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎక్కుళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దిగిన వేగం తరువాతి ఎక్కుడు సగం దాకా పనికొస్తుంది, మిగిలిన సగం తొక్కాలి. గేర్లు ఎప్పుడు మార్చాలో చేతికి అలవాటయ్యేది ఇలాంటి దారిలోనే. నందికి ముందు రెండు నెలలు ఈ మాగడి చుట్టు తొక్కినవారు నందిని ప్రశాంతంగా ఎక్కుతారు. మొదటి పెద్ద ప్రయాణంగా ఏది అని అడిగేవారికి, వారు ఏ మూల ఉన్నా, నేను ఇదే చెబుతాను.

దొడ్డ ఆలద మర అంటే పెద్ద మర్రి. దాదాపు నాలుగు వందల ఏళ్ళ చెట్టు, మూడు ఎకరాల దాకా పరుచుకుంది. మొదటి మాను ఎప్పుడో పోయింది, ఇప్పుడు నిలబడినవన్నీ ఊడలే. అక్కడిదాకా మామూలు పల్లెటూరి రోడ్డు. మంచనబెలె దగ్గర అర్కావతి మీద కట్టిన జలాశయం కనిపిస్తుంది. నంది వైపు పుట్టి, ఇక్కడ ఆగి, కనకపుర దాటి సంగమలో కావేరిని చేరే నది ఇది. నంది, మాగడి, సంగమ దారులు మూడూ తొక్కినవారు ఒక నది మొదలూ నడుమా చివరా చూసినట్టే. ఆ నీళ్ళలోకి మాత్రం దిగవద్దు, అక్కడ మునిగిపోయినవారు చాలామంది ఉన్నారు.

సావనదుర్గ 1,226 మీటర్ల ఏకశిల. రోడ్డు దాని పాదాల చుట్టూ తిరుగుతుంది. వాన పడి వెలిసిన పొద్దున బండ మీది నీటి చారలు మెరుస్తూ కిందికి దిగుతుంటే తొక్కడం ఆపి నిలబడిపోతాం. 1791లో కారన్‌వాలిస్ సేనలు అక్టోబరులో నందిదుర్గాన్ని, డిసెంబరులో ఈ సావనదుర్గాన్ని టిప్పు సుల్తాన్ నుంచి పట్టుకున్నాయి. ఫిరంగులు ఈ అడవిలోకి ఎలా లాగుకొచ్చారన్న ఆశ్చర్యం, ఇక్కడి ఎక్కుళ్ళను సొంత కాళ్ళతో ఎక్కినవారికి మరీ ఎక్కువ కలుగుతుంది.

ఈ దారికి లోపం రోడ్డే. వానాకాలంలో గుంతలు నీటితో నిండి ఎంత లోతో తెలియదు, పల్లె పల్లెకూ రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు. 25 మిల్లీమీటర్ల సన్నని టైర్లు ఇక్కడ వద్దు. 28 కనీసం, ఫ్రేములో చోటుంటే 32 వేసుకోండి. గాలి కూడా ఎండాకాలం కన్నా కాస్త తక్కువ నింపాలి, తడి తారు మీద పట్టు దొరుకుతుంది.

మైసూరు రోడ్డు మీదుగా బిడది, రామనగర వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను, ఇంజను లేని బండ్లను రానివ్వడం లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డే గతి. బిడది తట్టె ఇడ్లీ కోసం అయితే అదీ ఓర్చుకోవచ్చు.

తళి, డెంకణికోట

ఎలక్ట్రానిక్ సిటీ, బన్నేరుఘట్ట రోడ్డు, సర్జాపుర వైపు ఉండేవారి సొత్తు ఇది. ఆనేకల్ మీదుగా రాష్ట్ర సరిహద్దు దాటి తళి, అక్కడి నుంచి డెంకణికోట, హోసూరు, మళ్ళీ ఇల్లు. వంద కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. తళి చల్లని ఊరు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని చిన్న ఇంగ్లండు అని పిలుచుకున్నారు. పూల తోటలు, క్యాబేజీ మళ్ళు, మధ్యమధ్య చెరువులు. తమిళనాడు వైపు రోడ్డు నునుపుగా ఉంటుంది. హోసూరు, డెంకణికోట పల్లెల్లో తమిళం, కన్నడం, తెలుగు మూడూ మాట్లాడతారు.

గాలి ఇక్కడ పెద్ద సమస్య కాదు, ఏ నెలలోనైనా చుట్టులో సగం దూరమే ఎదురుగా ఉంటుంది. సమస్య ఏనుగులు. రాగి పంట కంకి పట్టే వేళకు బన్నేరుఘట్ట, కావేరి అడవుల నుంచి మందలు ఈ పొలాల వైపు వస్తాయి. తళికీ డెంకణికోటకూ మధ్య జవళగిరి అడవి ఉంది. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ అడవి భాగాన్ని బాగా తెల్లవారాకే దాటాలి. ముందు ఊళ్ళో పాలు పోసేవారిని, బస్సు కండక్టరును అడిగితే రాత్రి ఏనుగులు ఎటు వెళ్ళాయో చెబుతారు. వారు వద్దంటే వద్దు, తళి నుంచే వెనక్కి తిరగండి. చివరి మెట్టు హోసూరు నుంచి జాతీయ రహదారి. అది ఎవరికీ నచ్చదు, కనుక చుట్టును తిరగేసి ఆ భాగాన్ని తెల్లవారుజామునే ముగించి, తళి, ఆనేకల్ మీదుగా ఇల్లు చేరడం మేలు. అడవికి చేరేసరికి పొద్దు కూడా బాగా ఎక్కి ఉంటుంది.

తుమకూరు వైపు దేవరాయనదుర్గ కూడా మంచి కొండే. నరసింహస్వామి గుళ్ళు, చుట్టూ అడవి. కానీ అక్కడికి చేరడానికి లారీల రహదారిలో పడి చాలా దూరం పోవాలి. సైకిలును కారులో తుమకూరు దాకా తీసుకెళ్ళగలిగినవారికే చెబుతాను.

రెండు రోజులు ఉంటే

కైవారం దారినే కొనసాగిస్తే చింతామణి దాటి ఆంధ్రలోకి, మదనపల్లెకు చేరతారు. బెంగళూరు నుంచి నూట ఇరవై కిలోమీటర్ల దరిదాపు. దేశంలోనే పేరున్న టమాటా మార్కెట్టు ఉన్న ఊరు, 1919లో రవీంద్రనాథ ఠాగూర్ బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన ఊరు. మొదటి రోజు అక్కడ ఆగి, రెండో రోజు పొద్దున్నే 1,265 మీటర్ల హార్స్‌లీ కొండ ఎక్కవచ్చు. స్థానికులకు అది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె నేల బెంగళూరు కన్నా కిందే ఉంది, కనుక నంది ఎక్కిన కాళ్ళకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. తొక్కుతూనే వెనక్కి రావాలన్న పంతం వద్దు. కొండ దిగి మదనపల్లె చేరి, సైకిలుకు చోటివ్వడానికి ఒప్పుకునే బస్సు చూసుకుని ఎక్కండి. ముందు చక్రం విప్పి, గేరు ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, గొలుసుకు పాత గుడ్డ చుట్టండి. కండక్టరుతో బయలుదేరక ముందే సామాను చార్జీ మాట్లాడుకోవాలి.

ఇవేవీ కుదరనివారికి, అంటే ఆదివారం పదింటికల్లా ఇంట్లో ఉండాల్సినవారికి, పిల్లలను వెంట తీసుకెళ్ళేవారికి, పెద్ద మర్రి దాకా వెళ్ళి రావడం చాలు. కెంగేరి నుంచి రానుపోను పాతిక కిలోమీటర్లు. నీళ్ళు రెండు సీసాలు, ఒక ట్యూబు, చేతి పంపు, టైరు విప్పే చిన్న మీటలు, వెనక ఎర్ర దీపం. తుమ్మ ముల్లు దిగితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలివైపు వేలితో తడిమి ముల్లు తీసెయ్యండి. లేకుంటే రెండోదీ పది నిమిషాల్లో పోతుంది.